అరటికాయ లంబా లంబా

జంధ్యాల గారి ‘చంటబ్బాయ్’ పేరెత్తితే మా ఇంట్లో మగవాళ్ళకి చిరంజీవి కంటే ముందు శ్రీలక్ష్మి గుర్తొస్తుంది. 1986లో వచ్చిన సినిమా అది, మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల ఆధారంగా తీశారు. కథంతా డిటెక్టివ్ పాండురంగారావుదే అయినా మధ్యలో ఒక పత్రిక ఎడిటరు, ఆయన ప్రాణాలు తోడేసే ఒక రచయిత్రి వస్తారు. ఆవిడ తన కవితలు వినిపిస్తుంది, కాదంటే ఊరుకోదు. అవి చాలవన్నట్టు వింత వింత వంటలు కూడా కనిపెడుతుంది. ‘అరటికాయ లంబా లంబా’ వాటిల్లోదే. ఇప్పటికీ నేను కూరలో ఒక్క దినుసు మార్చానంటే చాలు, మావారు కంచం ముందు కూర్చుని “ఏమిటోయ్, ఇవాళ లంబా లంబానా?” అంటారు.

సినిమా వచ్చిన కొత్తలో అభిమానులకి అంతగా రుచించలేదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అదే ఏడాది ‘వేట’ చూసిన కళ్ళతో వెళితే ఇందులో హీరో చాప్లిన్ వేషం కట్టి, ఆడవేషం కట్టి నవ్వించాడాయె. హీరోది మా మొగల్తూరు, దర్శకుడు పుట్టింది నరసాపురం. రెండూ పక్కపక్క ఊళ్ళే. అయినా మావాళ్ళకి ఫైట్లు లేవన్న బెంగ తీరలేదు. తరవాత టీవీలోనూ, క్యాసెట్లలోనూ చూసి చూసి అందరూ నెత్తిన పెట్టుకున్నారు. ఇక విమర్శకులంటారా, బూతు లేని హాస్యమని జంధ్యాల గారిని మెచ్చుకోనివారు లేరు. ఆ మాట నిజమే. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు.

నా పేచీ సినిమాతో కాదు, దాన్ని చూసి నవ్విన తీరుతో.

పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో మా పిన్ని ఒకావిడ ఉండేది. వారపత్రికలు వస్తే ముందు సీరియలు, తరవాత వంటల పేజీ చదివేది. ఒకసారి ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎలా చెయ్యాలో నాలుగు పేజీలు రాసి, తిరుగు టపాకి స్టాంపులు కూడా పెట్టి ఒక పత్రికకి పంపింది. అది తిరిగొచ్చింది. తిరిగి రావడం పెద్ద విషయం కాదు, ఎంతమందివి తిరిగి రాలేదు! కానీ ఆ కవరు మా బాబాయి చేతిలో పడింది. అప్పటికి సినిమా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఇక చూడండి, బావగార్లూ మరుదులూ అందరూ ఆవిణ్ణి “లంబా లంబా” అనే పిలవడం. పండక్కి వచ్చిన చుట్టాలకి కూడా చెప్పి నవ్వేవారు. ఆవిడా నవ్వేది. మళ్ళీ ఏ పత్రికకీ పంపలేదు.

జంధ్యాల గారు మగవాళ్ళని మాత్రం వదిలారా అంటారేమో. వదల్లేదు. 1982లో ‘నాలుగు స్తంభాలాట’తో ‘సుత్తి’ అన్న మాట ఊరూరా పాకింది. వీరభద్రరావు గారికి, వేలు గారికి అది ఇంటిపేరైపోయింది. వాళ్ళకది బిరుదు. మా పిన్నికి ‘లంబా లంబా’ బిరుదు కాలేదు. తేడా అక్కడుంది.

వంట రాయడం అంత తేలికనుకోకండి. చెయ్యడం వేరు, రాయడం వేరు. పనసపొట్టుని పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, నీరు గట్టిగా పిండాలి. చింతపండు గుజ్జు వేసి పోపు పెట్టాలి. ఆవముద్ద మాత్రం కూర దించాక, వేడి తగ్గాక కలపాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. ఈ ఒక్క ముక్క రాయకపోతే చదివినావిడ కూరంతా పాడు. మా పిన్ని ఆ ముక్క రాసి, కింద గీత కూడా గీసింది. 1883లో రాజమండ్రి నుంచి వీరేశలింగం గారు ఆడవాళ్ళ కోసం ‘సతీహితబోధిని’ నడిపారు. ఆ తరవాత మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభలో ‘ప్రమదావనం’ శీర్షిక ఏళ్ళ తరబడి నడిపారు, ఆవిడ వంటల పుస్తకం పట్టుకుని కాపురాలు మొదలెట్టిన వాళ్ళు ఎంతమందో. ఆవిణ్ణి చూసి ఎవరూ నవ్వలేదే!

శ్రీలక్ష్మి గారి గొప్పతనం కూడా చెప్పాలి. ఆవిడ నవ్వు మొహం పెట్టి నటించలేదు, తన కవిత్వం నిజంగా గొప్పదని నమ్మినట్టే చేసింది. చాలా ఏళ్ళకి మా ఇంట్లో టీవీలో ఆ సినిమా వస్తుంటే మా పిన్ని పక్కనే ఉంది. నొచ్చుకుంటుందేమోనని నేను చానెల్ మార్చబోయాను. “ఉంచవే” అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, “ఆ పిల్ల తన కవితలు తనే పట్టుకుని తిన్నగా ఎడిటరు దగ్గరికెళ్ళింది చూశావా? నేను కవరు పోస్టు డబ్బాలో వెయ్యడానికి కూడా మీ బాబాయి ఊళ్ళో లేని రోజు చూసుకున్నాను” అంది.

ఆవిడ ఇప్పుడు లేదు. వంటల నోటుబుక్కు నా దగ్గరే ఉంది, ఆ నాలుగు పేజీలూ అందులో మడత పెట్టే ఉన్నాయి. వాటిని శుభ్రంగా తిరగరాసి దీనితో పాటే పంపుతున్నాను. కొలతలన్నీ పిన్నివే. ఆవ సంగతి చెప్పిన చోట గీత కూడా గీశాను.