కడుపులో లంకలు

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేష్టారొకరున్నారు. వారి దృష్టిలో తెలుగు ఎమ్మే అంటే పచారీ కొట్టు. ఏ మాట అడిగినా అరలోంచి తీసి పొట్లం కట్టి ఇచ్చెయ్యాలి. కిందటేడు నవంబరులో ఒక మధ్యాహ్నం అలాగే నా గదికి వచ్చారు.

"పుటిక అంటే ఏమిటండీ?"

"దొప్పలాంటిదండీ. ఎక్కడిదా మాట?"

"పాఠ్యపుస్తకంలోదే. లాంగర్‌హాన్స్ పుటికలు. పటం గీసే పిల్లలు అర్థం అడుగుతున్నారు. ఇంగ్లీషులో మాత్రం చిన్న దీవులని అర్థం."

నవంబరు 14 మనకు నెహ్రూగారి పుట్టినరోజు, బాలల దినం. వైద్యులకు అది మధుమేహ దినం కూడా. ఇన్సులిన్ కనిపెట్టిన వారిలో ఒకడైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆ తేదీనే పుట్టాడు. ఆ సందర్భానికి మా ఆడపిల్లలు క్లోమగ్రంథి బొమ్మ పెద్దగా గీసి వరండాలో తగిలించబోతున్నారు.

"లంకలు అని రాయించండి" అన్నాను.

ఆయన అనంతపురం వైపు మనిషి. "రావణాసురుడి లంకా?" అని నవ్వారు.

నేను పుట్టింది గౌతమి పాయ మధ్య ఒక లంకలో. చుట్టూ గోదావరి, మధ్య ఒండ్రు మేట వేసిన కాస్త నేల, దానిమీద కొబ్బరిచెట్లు, ఇళ్ళు, మనుషులు. మా వైపు ఇది ఎవరికీ వివరించనక్కరలేదు. ఆయనకు వివరించాను. వినగానే ముఖం వెలిగింది. కడుపులోనూ అచ్చంగా అంతేనట. క్లోమమంతా జీర్ణరసం తయారుచేసే కణాలే. వాటి మధ్య అక్కడక్కడ చిన్న మేటలుగా ఈ లంకలు. లెక్కకు పది లక్షలదాకా ఉంటాయి గాని అన్నీ పోగేసినా గ్రంథి బరువులో నూటికి ఒకటో రెండో పాళ్ళు. ఇన్సులిన్ పుట్టేది అక్కడ. ఆ మాట కూడా లాటిన్‌లో దీవి అనే మాట నుంచే వచ్చింది. అంటే మన లెక్కన లంకరసమన్నమాట.

ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు. ఆయనకు తెలియనిదేమంటే, నా కడుపులోని లంకలు అప్పటికే సగం వరదలో ఉన్నాయి. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో నాకు 10.4 వచ్చింది. "మాత్రలు చాలవమ్మా, రాత్రిపూట పది యూనిట్లు ఇన్సులిన్ మొదలుపెడదాం" అని డాక్టరమ్మగారు శ్రావణమాసంలో రాసిచ్చారు. ఆ పెన్ను కార్తికం వచ్చినా మా ఇంట్లో ఫ్రిజ్జి తలుపు అరలో, నిమ్మకాయల వెనకాల, మూత చించని పెట్టెలోనే ఉంది. మావారితో మాత్రం వేసుకుంటున్నాననే చెప్పాను. ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెప్పే నోరు. అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

ఎందుకు వేసుకోలేదంటే, మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకు ఆ జబ్బున్నట్టు మొదట పసిగట్టింది డాక్టరు కాదు, మా నాయనమ్మ. దొడ్లో చీమలబారు చూసి "పిల్లకు అతిమూత్రం పట్టుకుందిరా" అంది నాన్నతో. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ఈ గుర్తే చరక సంహితలో ఉంది. తుమ్మెదలూ చీమలూ రోగి శరీరానికీ మూత్రానికీ చేరతాయని అందులో చెప్పారు. అదే తీపిని పదిహేడో శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు నాలుక మీద వేసుకుని చూశాడు. ఆ తీపి చక్కెరేననీ, అది రక్తంలోనూ ఉందనీ 1776లో మాథ్యూ డాబ్సన్ తేల్చాడు. చీమకు ఇంత కష్టం అక్కరలేకపోయింది.

కొన్నేళ్ళు మాత్రలతో గడిచాక, పట్నం డాక్టరు అమ్మకు సూదిమందు రాశారు. మా ఊళ్ళో ఫ్రిజ్జి లేని రోజులు. పెద్దకుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్నకుండ దింపి, మందు సీసాలు దాన్లో పెట్టి పైన తడిగుడ్డ కప్పేవాడు నాన్న. కాంపౌండరు వచ్చి గాజు సిరంజి మరగబెట్టి పొడిచేవాడు. నాలుగు రోజులు సాగింది. ఐదోనాడు చుట్టపుచూపుగా వచ్చినావిడ ఒకరు, "సూది పడిందా, ఇంక ఆఖరి మెట్టేనమ్మా" అంది. పైగా అది పశువుల కడుపులోంచి తీస్తారట అని కూడా చెప్పి వెళ్ళింది. రెండో మాటలో నిజముంది. అప్పట్లో దొరికే ఇన్సులిన్ చాలావరకు ఎద్దుల క్లోమం నుంచీ పందుల క్లోమం నుంచీ తీసినదే. అమ్మ ఉల్లిపాయ కూడా తినేది కాదు.

మర్నాడు కాంపౌండరుతో, డాక్టరుగారు మానెయ్యమన్నారని చెప్పిందట. నాన్నతో, కాంపౌండరు నువ్వు పొలం వెళ్ళాక వచ్చి వెళ్ళాడని చెప్పిందట. ఇద్దరూ నమ్మారు. అమ్మ అబద్ధమాడుతుందని ఎవరికి తోస్తుంది? ఏడాది తిరక్కుండా కాలిలో తుమ్మముల్లు దిగింది. దిగినట్టు కూడా ఆమెకు తెలియలేదు. ముందు రెండు వేళ్ళు తీసేశారు, తరువాత పాదం. 1999లో పోయింది. పదకొండో రోజు ఇల్లు కడుగుతూ కుండ కదిపితే లోపల సీసాలు రెండు దొరికాయి. రేకు మూతలు కూడా ఊడదీయలేదు. నాన్న వాటిని పంచె కొంగుతో తుడిచి, చాలాసేపు అలా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఇంత చూసినదాన్ని నేనెలా చేశాను? నాకూ అర్థం కాదు. ఆవిడెవరో అన్న "ఆఖరి మెట్టు" అన్న మాట మాత్రం నా చెవిలో ఇరవైఅయిదేళ్ళుగా ఉండిపోయింది. సూది వేసుకోనంతకాలం ఆ మెట్టు ఇంకా రాలేదని ఒక లెక్క.

పటం కింద రాయడానికి నాలుగు ముక్కలు కావాలని మేష్టారు పుస్తకాలు తెచ్చి నా బల్లమీద పడేశారు. కూర్చుని చదివాను. పాల్ లాంగర్‌హాన్స్ 1869లో బెర్లిన్‌లో ఇరవైయొక్కేళ్ళ విద్యార్థి. సూక్ష్మదర్శినిలో ఈ కణాల గుంపులు చూశాడు. ఇవేం చేస్తాయో నాకు తెలియదని తన సిద్ధాంతవ్యాసంలో నిజాయితీగా రాసుకున్నాడు. మా పిహెచ్‌డీ విద్యార్థులెవరూ అలాంటి వాక్యం రాయగా నేను చూడలేదు. తరువాత ఊపిరితిత్తుల జబ్బుతో మదీరా అనే దీవికి చేరి, 1888లో అక్కడే పోయాడు. ఆ మరుసటి ఏడే స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. వారు చూడబోయింది జీర్ణం సంగతి. కుక్కేమో గదినిండా మూత్రం పోయసాగింది. పరీక్షిస్తే అందులో చక్కెర.

జబ్బు చిరునామా దొరికింది. మందు మాత్రం మరో ముప్పైయేళ్ళు దొరకలేదు. కారణం చూడండి: క్లోమాన్ని నూరి రసం తీస్తే, జీర్ణరసం కూడా వచ్చి పడుతుంది. అది పక్కనున్న ఇన్సులిన్‌ను అరిగించేస్తుంది. వరద నీరే లంకను కోసేసినట్టు.

1920 అక్టోబరు ఆఖరి రాత్రుల్లో కెనడాలోని లండన్ అనే ఊళ్ళో బాంటింగ్ మర్నాటి పాఠానికి తయారవుతున్నాడు. ఆయన శస్త్రవైద్యుడు. రోగులు రాక, పక్కన పాఠాలు చెప్పుకునేవాడు. ఆ పాఠం ఆయనకు పెద్దగా తెలిసిన విషయం కాదు. (ఇది చదివి నాకు ధైర్యం వచ్చింది.) నిద్రపట్టక రాత్రి రెండింటికి లేచి, జీర్ణరసం గొట్టాన్ని కట్టేస్తే ఆ కణాలు వాడిపోయి లంకలు మిగులుతాయి గదా అని కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితంలో జబ్బు పేరే తప్పుగా రాశాడు. నేను దిద్దితే మార్కు తగ్గించేదాన్ని.

1921 వేసవిలో టొరాంటోలో ప్రొఫెసర్ మక్లౌడ్ ప్రయోగశాల ఇచ్చాడు. బెస్ట్ అనే విద్యార్థి తోడయ్యాడు. గొట్టం కట్టనక్కరలేదనీ, చల్లని ఆల్కహాలుతో ఎద్దు క్లోమం నుంచే తీయవచ్చుననీ తరువాత తేలింది. కాలిప్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న లెనార్డ్ థామ్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి సూది పొడిచారు. వాడి బరువు ముప్పై కిలోలు కూడా లేదు. అప్పటి చికిత్సల్లో గట్టిది పస్తు పెట్టడమే! మొదటి సూది అంతగా పనిచేయలేదు సరిగదా, పొడిచిన చోట గడ్డ కట్టింది. పన్నెండు రోజులు పోయాక, శుద్ధి చేసిన మందుతో మళ్ళీ పొడిచారు. 520 ఉన్న చక్కెర ఒక్క రోజులో 120కి దిగింది. కుర్రాడు లేచి కూర్చున్నాడు. మరో పదమూడేళ్ళు బతికి 1935లో న్యుమోనియాతో పోయాడు.

పేటెంటును విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకు రాసిచ్చేశారు. 1923 నోబెల్ బహుమానం బాంటింగ్‌కూ మక్లౌడ్‌కూ వస్తే, ఒకరు బెస్ట్‌తో, ఒకరు కాలిప్‌తో డబ్బు పంచుకున్నారు. వాళ్ళలో వాళ్ళకు తగాదాలున్నా ఆ పంపకం మాత్రం జరిగింది. 1982 నుంచి పశువుతో పనిలేని ఇన్సులిన్ కూడా అమ్మకానికి వచ్చింది. మనిషి జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి తయారుచేస్తారు. అమ్మకు ఆ సంగతి చెప్పేవాళ్ళు లేకపోయారు.

నేను ఆగిపోయింది ఆ కుర్రాడి దగ్గర. ఆఖరి మెట్టు మీద ఉన్నది వాడు. సూది వాణ్ణి అక్కణ్ణుంచి కిందికి దింపింది. ఇన్నాళ్ళూ నేను తలకిందులుగా చదువుకున్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాను.

"ఏమండీ, నేను ఒక్కనాడూ వేసుకోలేదు."

మావారు పేపరు మడిచారు. "తెలుసు. రోజూ నిమ్మకాయలు జరిపి చూస్తూనే ఉన్నాను. నువ్వే చెబుతావని."

నాకు మాట రాలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని సూచనల కాగితం విప్పి, దండకం చదివినట్టు చదవడం మొదలుపెట్టారు. సూది గోరుమీది అర్ధచంద్రమంత కూడా లేదు. పది యూనిట్లకు తిప్పి, పొట్టమీద చర్మం పట్టుకుని, కళ్ళు మూసుకుని పొడిచాను. ఆయన పదిదాకా లెక్కపెట్టారు. ఏడు దగ్గర గొంతు తడబడింది. నొప్పి అంటారా, చీమ కుట్టినంత. అంత కూడా కాదు.

మర్నాడు వరండాలో పటం తగిలించారు. "లాంగర్‌హాన్స్ లంకలు" అని గుండ్రటి అక్షరాలతో రాశారు పిల్లలు. అంతటితో ఊరుకోక, ఒక్కొక్క లంక మీద రెండేసి కొబ్బరిచెట్లు కూడా గీశారు. మేష్టారు తల పట్టుకుని చెరిపించబోయారు. ఉండనివ్వండని నేను అడ్డం పడ్డాను.