ఉప్పుటేటి పొత్తు

నెల్లూరు పట్టణము విడిచి తూర్పుగా సముద్రము దిక్కునకు బయలుదేఱినప్పుడు మొదట మా కన్నులకు విందు చేసినవి వరిచేలు. నెల్లు అనగా వరియే. ఆ పంటవలననే యూరికా పేరు వచ్చినదని పలువురు చెప్పుదురు. మొలగొలుకుల బియ్యమును గూర్చి వినని తెలుగు గృహిణి యరుదు. పెన్నపై పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరునను, సంగమునను కట్టిన యానకట్టలు ఈ పచ్చదనమునకు మూలము. 2022వ సంవత్సరమున ఆ రెండు తావులందును క్రొత్త బారేజీలు ప్రారంభమైనవి.

తీరము దగ్గఱయిన కొలదియు పచ్చదనము పలుచబడి, గట్లు కట్టిన నలుచదరపు మడుగులు వరుసలు దీరి కానవచ్చును. అవియే రొయ్యల గుంటలు. నీటిలో ప్రాణవాయువు తఱుగకుండుటకై చక్రములు తిరుగుచు నురుగు చిమ్ముచుండును. కృష్ణపట్నము చేరువను కండలేరు సముద్రమున గలియుచున్నది. పోటువేళ సముద్రపు నీరు ఏటిలోనికి వచ్చును, ఆటువేళ మరలిపోవును. ఈ ఉప్పుటేటి నీటినే గుంటలకు తోడుకొందురు. పంట ముగిసిన పిదప వాడిన నీటిని మరల ఆ యేటిలోనికే విడుతురు. అనగా ఒకరు విడిచిన నీరే మఱియొకరు తోడుకొందురు. ఈ తీరపు సుఖదుఃఖములన్నియు ఈ యొక్క మాటలో నిమిడియున్నవి.

1990 ప్రాంతమున టైగరు రొయ్యకు విదేశములందు మంచి వెల పలుకుటచేత ఈ తీరమంతట గుంటలు త్రవ్వుట కారంభించిరి. లాభము చూచినవాడు తన పొలమును గుంట చేసెను. చూడనివాడు అప్పు తెచ్చి చేసెను. 1994వ సంవత్సరమున పెద్ద తెగులు వచ్చిపడెను. తెల్లమచ్చల వ్యాధి యను దానికి మూలము వైరసు. అది సోకిన గుంటలో కొద్ది దినములలోనే రొయ్యలన్నియు చచ్చి తేలును. దానికి మందు లేదు. అప్పు చేసి గుంట వేసినవాని యింట మొదట తాకట్టునకు పోవునది యిల్లాలి నగయే గదా! ఆ నష్టము గట్టుమీదనే నిలువక వంటింటిలోనికిని వచ్చెను.

గుంటలు లేనివారి కష్టము వేఱు. ఉప్పు నీరు ఊరి ప్రక్కనున్న చేలలోనికి ఊఱును, బావినీరు చవుడగును. వరిపొలమందు నాట్లకును, కలుపునకును, కోతకును పలువురు స్త్రీలకు కూలి దొరకును. రొయ్యల గుంటకు కొలదిమంది చాలుదురు. తమిళదేశమున ఇట్టి బాధలను చూచి సర్వోదయ కార్యకర్తలగు జగన్నాథన్, కృష్ణమ్మాళ్ దంపతులు పేదల పక్షమున పోరాడిరి. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమందు 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, పంటపొలములను రొయ్యల గుంటలుగా మార్చుట తగదనెను. 2005లో తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థకు చట్టము వచ్చెను.

అయినను చట్టమొక్కటే తెగులును మాన్పజాలదు. ఇక్కడనే శాస్త్రజ్ఞుల పని మొదలయ్యెను. చెన్నపట్టణమున 1987లో ఉప్పునీటి జలసాగు పరిశోధనకు కేంద్రసంస్థ ఏర్పడియుండెను. 2000 సంవత్సర ప్రాంతమున సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థయు, బాంకాకునందలి ఆసియా జలసాగు కేంద్రముల కూటమియు గలసి ఆంధ్రతీరమున 365 గుంటలను పంట కాలమంతయు పరిశీలించెను. తెగులునకు హేతువు లొకటి కాదు, పెక్కు అని తేలెను. పిల్లలో వ్యాధి యుండవచ్చును. నీటివెంట పీతలును, ఏటి రొయ్యలును దానిని తేవచ్చును. పాతపంట నల్లబురద అడుగున మిగులవచ్చును.

వారు చెప్పిన యుపాయములు మన యింటి శుభ్రతను బోలినవే. గుంట నెండగట్టి, నల్లమట్టిని తీసి దూరముగా వేయవలెను, సున్నము చల్లవలెను, నీటిని సన్నని వలగుండ వడియగట్టి పెట్టవలెను, పిల్లను పరీక్ష చేయించి కొనవలెను, నిషిద్ధమగు మందులు వాడరాదు, తెగులు సోకిన గుంటనీటిని శుద్ధి చేయక యేటిలోనికి విడువరాదు. అయితే ఒక్కడే వీనిని పాటించిన ప్రయోజనము స్వల్పము. తనగుంట నెంత శుభ్రముగా నుంచుకొన్నను ప్రక్కవాడు రాత్రివేళ రోగపునీటిని ఏటిలోనికి విడిచినచో శ్రమ వ్యర్థము. ఒకే బావినీరు త్రాగు వాడలో ఒక్క యిల్లాలి శుచి చాలునా?

అందుచేత శాస్త్రజ్ఞులు రైతులను గుంపులుగా గూర్చిరి. 2002వ సంవత్సరమున పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరున అయిదుగురు రైతులతో పని మొదలయ్యెను. ఒకే కాలువనీరు వాడువారందఱు ఒకే వారమున పిల్లను వదలుట, కలిసి కొనుట, తెగులు కానవచ్చిన వెంటనే దాచక ఇరుగుపొరుగునకు తెలుపుట వారి కట్టుబాట్లు. కొలది యేండ్లలోనే వందలకొలది రైతులు చేరిరి. 2007లో ఈ పనికే కాకినాడ కేంద్రముగా ఒక జాతీయసంస్థ ఏర్పడెను. ఈ సంఘపద్ధతి నెల్లూరు తీరమునకును వచ్చెను. గుంటలో చచ్చిన రొయ్యను దాచిపెట్టుట పూర్వము గౌరవము. సంఘమున జేరినవానికి చెప్పుటయే గౌరవము. పరిశోధనాలయమందు దొరకని మందు ఈ మార్పులో దొరికినది.

2009 తరువాత టైగరునకు బదులు వనామి రొయ్య వచ్చెను. దానిని దట్టముగా పెంచుదురు. మేత యెక్కువ, అడుగున చేరు మురికియు నెక్కువ. క్రొత్త తెగుళ్లును వచ్చినవి. 2025లో అమెరికా సుంకములు పెంచగా తీరమంతయు ఉలికిపడెను. కావున పొత్తు అవసరము తీరలేదు.

సోదరీమణులారా! ఈ పొత్తులో ఒక కొఱత మాకు కానవచ్చినది. రొయ్యరైతుల సంఘమనగా గుంటలు గలవారి సంఘము. ప్రక్కపొలమున వరి పండించువానికిని, బిందెతో బావికి బోవు స్త్రీకిని అందు చోటు లేదు. గుంటనీటి ఉప్పదనమును కొలిచెడి పరికరముతోనే ఊరిబావి నీటిని గూడ నెలకొకసారి కొలిచి, ఆ లెక్కను పంచాయతీ గోడపై వ్రాయించుట కష్టము గాదు. గ్రామమందలి పొదుపుసంఘముల స్త్రీలు ఈ పనికి పూనుకొనవచ్చును. ఆ లెక్కను శాస్త్రజ్ఞులును, రైతులును, నీరు తెచ్చు తల్లులును కలిసి చూచిననాడు ఉప్పుటేటి పొత్తు నిండగును.