నక్షత్రాల నడుమ ఒక సంసారం

యుద్ధనౌకలు, ఒక హత్య, ఒక ప్రేమ. ఈ మూడూ ఒకే నవలలో పోసి కలిపితే ఏమవుతుంది? మా తెలుగు శాఖలో ఎవరిని అడిగినా తడుముకోకుండా "రసాభాస!" అంటారు. అంగిరసం ఒకటే ఉండాలి, తక్కినవి దానికి అంగాలై ఒదిగి ఉండాలి అని తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు చెప్పిపోయాడు. ఆ మాటే ఏటేటా నేనూ క్లాసులో అప్పజెబుతూ ఉంటాను. జీతం తీసుకుంటున్నాను గనుక తప్పదు.

అయితే సెలవుల్లో చదివే చదువుకు ఆ నిర్బంధం లేదు గదా. మా మేనల్లుడు ఉద్యోగానికి పరదేశం పోతూ నా గదిలో ఒక పుస్తకాల పెట్టె వదిలి వెళ్లాడు. అట్టల నిండా రోదసి నౌకలు, తుపాకులు. ఇలాంటి కథలను ఇంగ్లీషులో "స్పేస్ ఆపెరా" అంటారు. ఇది మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. అరిగిపోయిన రోదసి కథలను వెక్కిరించడానికి 1941లో విల్సన్ టక్కర్ అనే ఆయన పెట్టాడు. రేడియోలో సబ్బుల కంపెనీల ఖర్చుతో నడిచే ఏడుపు నాటకాలను అప్పటికే "సోప్ ఆపెరా" అనేవారు. ఇది దానికి చెల్లెలన్నమాట. తిట్టుగా పుట్టిన పేరు కాలక్రమాన బిరుదై కూర్చుంది.

ఆ పెట్టెలో ఎక్కువ భాగం ఒక్క రచయిత్రివే. పేరు లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్. 1949లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో పుట్టింది. 1986లో మొదటి నవల అచ్చయింది. వైజ్ఞానిక కాల్పనిక రచనలకిచ్చే హ్యూగో బహుమానం ఉత్తమ నవలకుగాను నాలుగుసార్లు అందుకుంది. వాటిలో మూడు ఈ నవలామాలికలోవే. 2017లో మాలిక మొత్తానికీ మరొకటి ఇచ్చారు.

ఈ మాలికలో నాయకుడు మైల్స్ వోర్కోసిగన్. మన నవలా నాయకుల్లాగా ఆజానుబాహువేమీ కాడు, మరీ పొట్టివాడు. తల్లి కడుపులో ఉండగానే విషవాయువు సోకి ఎముకలు గుల్లబారాయి. ముట్టుకుంటే విరుగుతాయి. శూరులను తప్ప మనుషులను లెక్కచేయని బరయార్ అనే గ్రహంలో, సేనాపతి కడుపున పుట్టాడు పాపం! పదిహేడో ఏట సైనిక విద్యాలయం పరీక్షలో గోడ దూకి రెండు కాళ్లూ విరగగొట్టుకున్నాడు. ఆ పైన నోటి చలవతోనే ఒక కిరాయి సేనను కూడగట్టాడు. అదంతా వీరరసం.

నేను చెప్పదలచుకున్నది 1998లో వచ్చిన "కొమార్" సంగతి. కొమార్ మరొక గ్రహం. అక్కడి గాలి పీల్చడానికి పనికిరాదు. జనం పెద్ద పెద్ద గుమ్మటాల కింద కాపురాలుంటారు. బయట అడుగు పెట్టాలంటే ముఖానికి ఊపిరితొడుగు ఉండాలి. ఆ చలిగ్రహానికి ఎండ చాలక ఆకాశంలో పెద్ద అద్దాల వరుస ఒకటి నిలబెట్టారు. దానికి ఒక సరుకుల ఓడ గుద్దుకుంది. విచారించడానికి చక్రవర్తి తరఫున మైల్స్ వచ్చాడు. ఓడలో ఉండవలసిన మనుషుల లెక్క తేలింది గాని, శకలాల మధ్య లెక్కకు మించి ఒక శవం దొరికింది. అక్కడితో అపరాధ పరిశోధన మొదలు. మన డిటెక్టివ్ యుగంధర్ అభిమానులు కూడా తృప్తిపడేంత చిక్కుముడి.

మైల్స్ బస చేసిన ఇల్లు ఒక చిన్న అధికారిది. పేరు టియెన్. భార్య ఎకాటరిన్, తొమ్మిదేళ్ల కొడుకు. ఆ ఇంట్లోనే కథకు ప్రాణమంతా ఉంది. టియెన్‌కు వంశపారంపర్యమైన జబ్బుంది. వైద్యం లేకపోలేదు. కాని నలుగురికీ తెలిస్తే తలవంపులని దాస్తాడు. ఉద్యోగాలు మారుస్తాడు, లంచాలు పడతాడు, ప్రతిదానికీ భార్యను సాధిస్తాడు. ఆవిడ దగ్గర తాతమ్మల నాటి మరుగుజ్జు చెట్టు ఒకటి కుండీలో ఉంది. దాని వయసు డెబ్బై ఏళ్లు. కోపం వచ్చి టియెన్ దాన్ని వసారా మీదినుంచి విసిరి పారేస్తాడు. ఆవిడ కిందికి దిగి వెళ్లి ముక్కలు ఏరుకుంటుంది.

ఇచ్చిన మాట తప్పడం చావుతో సమానమని నమ్మే కులం ఆవిడది. పెళ్లిలో ఇచ్చిన మాట కోసమే పదేళ్లు ఓర్చింది. చివరికి "నేను వెళ్లిపోతున్నాను" అని భర్త ముఖం మీదే చెప్పింది. ఆ రాత్రే టియెన్ చనిపోయాడు. కుట్రదారులు అతన్ని గుమ్మటం వెలుపల ఒక కమ్మీకి సంకెళ్లతో కట్టేశారు. వాళ్లకు చంపే ఉద్దేశం లేదు. వచ్చి విడిపించుకుపొమ్మని భార్యకు కబురు కూడా పెట్టారు. టియెన్ మాత్రం బయలుదేరే ముందు తన ఊపిరితొడుగులో వాయువు నిండుగా ఉన్నదా లేదా అని చూసుకోలేదు. పక్కనే కట్టేసి ఉన్న మైల్స్ కళ్లారా చూస్తూ ఏమీ చేయలేకపోయాడు. ఇది హత్యా, ప్రమాదమా, జీవితమంతా దేన్నీ సరిచూసుకోని మనిషికి పడిన శిక్షా? పాఠకుడే తేల్చుకోవాలి. కుట్రదారుల యంత్రాన్ని ఆఖరున పగలగొట్టేది సేనలూ కాదు, మైల్సూ కాదు. వాళ్ల చేతిలో బందీగా ఉన్న ఎకాటరినే ఆ పని చేస్తుంది.

ఇంత కలగలుపు మనవారికి కొత్తా అంటే, కాదు. పదహారో శతాబ్దపు పింగళి సూరన "ప్రభావతీ ప్రద్యుమ్నం" తిరగేయండి. అనుమతి లేనిదే ఎవరికీ ప్రవేశం లేని శత్రునగరం, గూఢచర్యం నెరపే హంస, నటుల మేళంతో కలిసి లోపలికి చొరబడిన నాయకుడు, రహస్యంగా పెళ్లి, చివర ఘోరయుద్ధం. రోదసి నౌక ఒక్కటే తక్కువ.

ఈ కథను ఆ సెలవుల్లో మా పెద్దక్కకు వారం రోజులు సాయంకాలాలు సీరియల్‌లాగా చెప్పాను. అక్కకు ఇంగ్లీషు రాదు. మా బావగారు ఏ ఉద్యోగంలోనూ రెండేళ్లు కుదురుగా ఉండేవారు కారు. ఆయన వెంట అక్క ఆరు ఊళ్లు తిరిగింది. ప్రతి ఊళ్లోనూ పెరట్లో మల్లెఅంటు పాతింది. పూతకు వచ్చే వేళకు సామాను కట్టింది. ఆయన పోయి చాలాకాలమైంది. ఏనాడూ ఆయన్ని ఒక్క మాట అనగా నేను వినలేదు.

కథ అయిపోయింది. హంతకులెవరో, ఆకాశంలోని అద్దాలేమయ్యాయో అక్క అడగలేదు.

"ఒరేయ్, ఆ చెట్టు ముక్క బతికిందా?" అంది.

"బతికిందక్కా. వేరు తొడిగింది. తరువాతి నవలలో తోటలో నాటుతుంది."

"ఆ తోట ఎవరిదిరా?"

మైల్స్ వేయిస్తున్న తోటేననీ, దాన్ని తీర్చిదిద్దే పని ఆవిడదేననీ చెప్పాను. ఆ నవల 1999లో వచ్చింది. రచయిత్రి దాన్ని జేన్, షార్లెట్, జార్జెట్, డొరొతీ అనే నలుగురికి అంకితమిచ్చింది. జేన్ ఆస్టెన్, షార్లెట్ బ్రాంటీ, జార్జెట్ హేయర్, డొరొతీ సేయర్స్ అని సాహిత్యం చదువుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అందులో పెళ్లిచూపుల గందరగోళాలు బోలెడు.

అక్క కాసేపు ఊరుకుని, "పది రూపాయల జీతానికైనా సరే, అది తన పనే అన్నమాట. అయితే రేపటినుంచి ఆ పుస్తకం మొదలుపెట్టు" అంది.

అంగిరసమేదో క్లాసులో చెప్పడానికి ఇంకా రెండు వారాల గడువుంది. ఈలోగా అక్కకు పెళ్లి దాకా చెప్పి ముగించాలి.