దర్జీ దుకాణపు ఆదాయం

నెలజీతం తీసుకొనేవానికి తన ఆదాయమెంతో జీతపు చీటీయే చెబుతుంది. స్వయంవృత్తిపై బ్రతికేవానికి అట్టి చీటీ లేదు. ఉదయం చేతికి వచ్చిన రూపాయి సాయంత్రానికి దారాలకు, గుండీలకు వెళ్ళిపోతుంది. వచ్చినదంతా ఆదాయమా, మిగిలినది మాత్రమే ఆదాయమా? పన్ను లెక్కకు మూలం ఈ ప్రశ్నయే.

మాది దర్జీ కుటుంబం. గిరాకీలలో ఎక్కువమంది ఇప్పుడు కుట్టుకూలి ఫోన్ ద్వారానే చెల్లిస్తున్నారు. ఆ సొమ్మంతా బ్యాంకు పుస్తకంలో కనబడుతున్నందున, మొత్తంపై పన్ను పడునేమోనని మా అబ్బాజాన్ కలవరపడి, ఇకమీదట నగదు మాత్రమే పుచ్చుకొందామని తలచినారు. అట్లు చేస్తే సగం గిరాకీ ప్రక్క దుకాణానికి పోతుంది. అందుచేత మేము అన్నదమ్ములము చిట్టాలన్నీ ముందుంచుకొని 2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్క వేసినాము.

మొత్తం రాబడి 7,20,000 రూపాయలు; అందులో ఫోన్ ద్వారా 4,80,000, నగదుగా 2,40,000. 2026 ఏప్రిల్ 1 నుండి కొత్త చట్టం అమలులోనికి వచ్చినను, ఆ ఏటి ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. అందులోని 44ఎడి సెక్షన్ చిన్న వ్యాపారులకు సులభమార్గం చూపినది. పద్దు పుస్తకాలు లేకున్నను, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో నూటికి 6, నగదులో నూటికి 8 వంతున లాభంగా చూపవచ్చును. ఆ ప్రకారం 28,800, 19,200 కలిసి 48,000 రూపాయలు. పన్ను శూన్యం.

ఇక్కడనే ఇంట వాదం బయలుదేరినది. ఆ అంకె వ్రాసి ముగిద్దామని భాయీజాన్. కాని అది కనీసపు హద్దు మాత్రమే. ఎక్కువ ఆర్జించినవారు ఎక్కువ చూపుటకు ఆ సెక్షన్‌లోనే చోటున్నది. నెలకు 4,000 రూపాయలతో ఆరుగురి సంసారం గడిచినదంటే ఎవరు నమ్ముదురు? అబ్బాజాన్ ఒక్క మాట అన్నారు: “ఎవరూ చూడకున్నా జకాత్ లెక్క తక్కువ కట్టము గదా! ఇదీ లెక్కయే.”

అసలు లెక్క తీసినాము. దుకాణపు అద్దె 72,000. పనివాని కూలి 1,44,000. దారం, గుండీలు, అస్తరు 1,80,000. విద్యుత్తు, మిషన్ మరమ్మతు 24,000. ఖర్చు 4,20,000 పోగా మిగిలినది 3,00,000. కొత్త పన్ను పద్ధతిలో ఆ సంవత్సరానికి 4,00,000 వరకు పన్ను లేదు. నిజం వ్రాసినను పన్ను శూన్యమే! ఆదాయం ఆ హద్దు దాటినను, 12,00,000 వరకు పడిన పన్ను రిబేటుతో తీరిపోతుంది. అయితే అట్టివారు రిటర్ను దాఖలు చేయక తప్పదు.

మాకు అది తప్పనిసరి కాదు. అయినను ‘సుగమ్’ ఫారంలో 3,00,000 చూపి దాఖలు చేయ నిశ్చయించినాము. రేపు కొత్త మిషనుకు బ్యాంకు అప్పు కోరినపుడు, తీర్చగల శక్తికి ఋజువు ఆ కాగితమే. 48,000 వ్రాసియుంటే అదే మాకు ఎదురు సాక్ష్యమయ్యేది. ఫోన్ చెల్లింపుల పలక దుకాణంలో యథాస్థానంలోనే ఉన్నది.

సోదర విద్యార్థులారా! జరీపని, గాజుల బేరం, పుస్తకాల బైండింగుపై జీవించే పెద్దలు మీ ఇండ్లలోనూ ఉందురు. ఒక్క సాయంత్రం వారి చిట్టాలతో కూర్చొనండి. రాబడి వేరు, ఆదాయం వేరు అని కాగితంపై వ్రాసి చూపండి. వారి భయంలో చాలా భాగం అక్కడనే తీరిపోతుంది.