ఊ కొట్టేవాళ్ళ సెలవు

ఆహ్వానం చూడగానే ఒళ్ళు మండింది. పైన తామరపువ్వు, కింద ఒకదాని మీదొకటి నిలబెట్టిన ఐదు నున్నటి గులకరాళ్ళు. మనశ్శాంతి అనగానే ఈ ఐదు రాళ్ళే ఎందుకు ప్రత్యక్షమవుతాయో! రాళ్ళకు కరువా మాకు? నల్లగొండ నుంచి దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఎవరి పిల్లలో ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టు గుండు మీద గుండు. వాటిని చూసి మనశ్శాంతి పొందినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. కంకర కొట్టించినవాళ్ళు మాత్రం బోలెడుమంది.

బొమ్మ కింద సంగతేమిటంటే, థెరపిస్టులు తమను తాము చూసుకోవడానికి నాగార్జునసాగర్ దగ్గర శని, ఆదివారాల్లో శిబిరం. దాని కింద వేళల పట్టిక. ఐదున్నరకు యోగా. ఏడున్నరకు మౌనంగా ఉప్మా. తొమ్మిదికి మనసు విప్పే వలయం. పదకొండుకు గడ్డి మీద ఉత్తకాళ్ళ నడక. ఒకటీ నలభైఅయిదు నుంచి రెండుంబావు దాకా విశ్రాంతి. అరగంట! విశ్రాంతి కోసం పెట్టిన శిబిరంలో విశ్రాంతికి దక్కింది అరగంట. పెళ్ళివారి వంటశాలలో వంటమనిషికి కూడా అంతకన్నా ఎక్కువే దొరుకుతుంది.

అయినా డబ్బు కట్టాను. ఎందుకంటే అంతకు వారం ముందు, క్లాక్ టవర్ దగ్గరున్న నా చిన్న గదిలో, ఎదుటి మనిషి ఏడుస్తుంటే నేను పైన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ దొరికిపోయాను. దొరికింది నాకు నేనే. మూడు రెక్కలు. లెక్కపెట్టాల్సినంత పనేం లేదు.

పద్దెనిమిదేళ్ళుగా అదే గది. ఎండిపోయిన మూడో బోరు, బొంబాయి పనికి పోయి ఫోనెత్తని మొగుడు, నీట్ రెండోసారి తప్పిన పిల్ల, ఫ్లోరైడ్ నీళ్ళకు వంగిన నడుము, ఆ నడుమును మించి వంగిన మనసు. ఇవన్నీ విని ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి లేదు. అది మా వృత్తి నీతి, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ అదే చెబుతుంది. 2015-16 జాతీయ సర్వే లెక్కన దేశంలో 15 కోట్ల మందికి మనసు వైద్యం అవసరం. సైకియాట్రిస్టులేమో లక్షమందికి ఒక్కరు కూడా లేరు. ఆ మిగులు పనంతా మాలాంటివాళ్ళ చెవుల్లో పడుతుంది. ఒక పెద్దమనిషి మాత్రం గది దాటుతూ నవ్వుతూ అన్నాడు: "మీకేం మేడం, కూసొని ఊ కొడితే పైసలు."

కోపం రాలేదు. నిజం చెప్పాడు. నేను ఊ కొట్టేదాన్నే.

అసలు 'ఊ' అనేది తీసిపారేసే అక్షరం కాదు. దానికి ఇన్ని రకాలున్నాయని పెళ్ళయినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పేపరు చదివే మొగుడి ఊ వేరు, అప్పడిగితే వచ్చే ఊ వేరు. నమ్మని ఊ చివర కాస్త పైకి లేస్తుంది. జాలిపడ్డ ఊ కిందికి దిగి ఆగుతుంది. 1955లో జోయెల్ గ్రీన్‌స్పూన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక ప్రయోగం అచ్చువేశాడు. మనుషుల్ని కూర్చోబెట్టి నోటికొచ్చిన మాటలు చెప్పమన్నాడు. బహువచనం వచ్చినప్పుడల్లా తను 'ఊఁ' అన్నాడు. కాసేపటికి వాళ్ళ నోట బహువచనాలు పెరిగాయి. ఎదుటివాడి ఊ మన మాటల్ని ఎటు కావాలంటే అటు తోలుకుపోతుందన్నమాట. మా అమ్మమ్మకు ఈ సంగతి ఏ ప్రయోగమూ లేకుండానే తెలుసు.

దేవరకొండ అవతల అమ్మమ్మ ఊరు. ఎండాకాలం రాత్రి వాకిట్లో నీళ్ళు చల్లి నాలుగు నులక మంచాలు వేసేవాళ్ళు. తొమ్మిదిమంది మనవలం. ఊ కొట్టేవాళ్ళకే అమ్మమ్మ పక్కన చోటు. చాలాకాలం ఆ ఉద్యోగం నాది. ఒక రాజుగారి గుర్రం కథ ఉండేది. గుర్రం అడవి దాటి, గుట్ట దాటి, వాగులో దిగుతుంది. సరిగ్గా అక్కడ నాకు నిద్ర ముంచుకొచ్చేది. "ఊ కొడుతున్నవా, నిద్రవోయినవా?" అని ఒకసారి అడిగేది. జవాబు లేకపోతే కథ అక్కడికక్కడే ఆగేది. ఊ లేనిదే కథ లేదు, అంతే. మర్నాడు మళ్ళీ అడవి దగ్గర్నుంచే మొదలు. ఆవిడ నోట్లో వక్కపలుకు కదిలే చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఏం చెబుతున్నాను? శిబిరం. శిబిరంలో ఉన్ని ఉండ. దానితో నాకు పాత పగ ఉంది. కొన్నేళ్ళ కిందట ఇంకో శిక్షణలో ఇలాగే గుండ్రంగా కూర్చోబెట్టి, ఉండ విసురుకుంటూ, అందుకున్నవాళ్ళు మనసులో మాట చెప్పాలన్నారు. దారం నా కళ్ళజోడుకు చుట్టుకుంది. విప్పడానికి ముగ్గురు పట్టారు, ఆ ముగ్గురూ నాకు ఇప్పుడెలా అనిపిస్తోందని అడిగారు. ఈసారి నీలం ఉండ. ఇరవైరెండు మందిమి. మొదట అందుకున్నాయన "బాగా అలిసిపోయానండీ" అన్నాడు. మిగిలిన ఇరవైఒక్కమందీ తల కాస్త ఓరగా వంచి, ముందుకు జరిగి, మెత్తగా "ఊ" అన్నారు. ఆయనా వృత్తివాడే కదా, ఆ ఊ ఎక్కడ తయారవుతుందో తెలుసు. నోరు మూసుకున్నాడు. అందరం ఊ కొట్టేవాళ్ళమే. కథ చెప్పేవాళ్ళు లేరు.

గడ్డి మీద నడక వేళకు నేనూ, పాలమూరు నుంచి వచ్చిన ఒక కౌన్సెలరూ చెప్పులేసుకుని జారుకున్నాం. ఆటోలో హిల్ కాలనీ. టీ తాగి నీళ్ళకు ఎదురుగా కూర్చున్నాం. ఆ నీళ్ళ అడుగున ఇక్ష్వాకు రాజుల పాత పట్టణం విజయపురి ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజుగారి చెల్లెలు చాంతిసిరి, ఉపాసిక బోధిసిరి వంటి ఆడవాళ్ళు కట్టించి ఇచ్చినవి వాటిలో ఉన్నాయి. భిక్షువులకు వానాకాలం మూడు నెలలూ ఒకేచోట ఉండాలని నియమం. చివరిరోజు ఒక్కొక్కరూ లేచి, నాలో మీరు చూసింది, విన్నది, అనుమానించింది ఏదైనా ఉంటే చెప్పండని తోటివాళ్ళను వేడుకోవాలి. దానికి ప్రవారణ అని పేరు. మూడు నెలలు ఒక చూరు కింద బతికాక అడిగే మాట అది. ఉన్ని ఉండ అక్కర్లేదు. ఇప్పుడు అదే హిల్ కాలనీలో విపశ్యన కేంద్రం ఉంది, ధమ్మ నాగజ్జున. పది రోజుల శిబిరంలో చివరిరోజు దాకా తోటివాళ్ళతో నోరు విప్పకూడదక్కడ. ఫ్రాయిడ్ అయితే 1937లో, మనసు వైద్యుడు ఐదేళ్ళకోసారి తిరిగి తానే రోగిగా పడుకుని చూపించుకోవాలని రాశాడు. మాకు మాత్రం రెండు రోజులు, అందులో అరగంట.

ఈ ఉపన్యాసమంతా పాలమూరావిడ ఓపిగ్గా విని, "మా పిల్లలమర్రి సంగతి యాదికుందా అక్కా?" అంది.

ఎందుకు లేదు! ఏడొందల ఏళ్ళనాటిదని చెప్పుకునే మర్రి. మూడెకరాల పైచిలుకు నీడ. ఎందరు ఆ నీడన సద్దిమూటలు విప్పారో! దానికే చెద పట్టింది, కొమ్మ విరిగిపడింది, జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో అటవీశాఖవాళ్ళు ముందు మానుకు మందు ఎక్కించారు. ఎక్కించిన మందు ఎక్కించినట్టే రంధ్రాల్లోంచి బయటికి కారింది. అప్పుడు ఆసుపత్రిలో మనిషికి పెట్టినట్టు వందలకొద్దీ సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా వదిలారు. బరువు కొమ్మల కింద దిమ్మెలు కట్టారు.

"ఒక్కసారే పోస్తే నిలవలే," అంది ఆవిడ, గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోస్తూ. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు.

రాత్రి వరండాలోకి రెండు మంచాలు లాక్కున్నాం. "నువ్వు చెప్పక్కా" అంది. "నువ్వే చెప్పు చెల్లె" అన్నాను. "ఊ" అంది. "ఊ" అన్నాను. అలా పావుగంట. చివరికి మొహమాటానికి నేనే మొదలుపెట్టాను. అనగనగా ఒక రాజు, ఆయనకొక గుర్రం. పక్కమంచం నుంచి ఊలు వరసగా పడ్డాయి, బొట్టుబొట్టుగా. ఒక్కటీ వృత్తి ఊ కాదు. గుర్రం అడవి దాటింది. గుట్ట దాటింది. వాగులో దిగింది.

"ఊ కొడుతున్నవా, నిద్రవోయినవా?"

జవాబు లేదు. కథ ఆపేశాను. మంచిదే అయింది. వాగు దాటాక ఏమైందో నాకూ తెలీదు.