వేలితో నొక్కి చూడండి

దసరా నాడు తెల్లారకుండానే బకెట్టు పట్టుకుని వీధిలోకి దిగుతాం కదా. బండి తళతళలాడేలా కడిగి, పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెడతాం. నాకు ఎంతో ఇష్టమైన పండగ అది. ఈసారి కడగడం అయ్యాక, దండ వెయ్యకముందు, మీరొక పది నిమిషాలు చైను దగ్గర కూర్చోవాలి. అది అడుగుదామనే ఈ కబుర్లు.

ఆయిలు, గాలి, ప్లగ్గు ఎలాగోలా గుర్తుంటాయి. చైను సంగతి అలా కాదు. స్ప్లెండర్ లాంటి బళ్ళకి అది మొత్తం రేకు కవర్లోనే తిరుగుతుంది, కంటికి ఆనదు. చెవికి మాత్రం వినబడుతుంది. నేను వినీ ఊరుకున్నాను.

కంటి ఆపరేషన్ అయిన మా నాన్నగారిని వెనక ఎక్కించుకుని తెనాలి నుంచి గుంటూరు వెళ్తున్నానొకరోజు. నందివెలుగు దాటాక గేరు మారిస్తే కవర్లో టకటకమంది. నెల రోజులుగా వింటున్న చప్పుడే. ఇంకో ఫర్లాంగు పోగానే చైను ఊడింది. ఇంజను గోల పెడుతోంది, బండి ముందుకు పోదు, వెనక ఇటుకల లారీ. అది పక్కనుంచి వెళ్ళిపోయింది కాబట్టి బతికాం. ఊడిన చైను చక్రంలో ఇరుక్కుంటే అక్కడే పడేవాళ్ళం. నల్ల కళ్ళద్దాలతో ఆయన తుమ్మచెట్టు నీడన కూర్చుని ఎదురుచూడటం ఈనాటికీ నా కళ్ళలోంచి పోలేదు.

చైను సాగిందంటాం గానీ, ఇనుము రబ్బరులా సాగదండీ. లింకుకీ లింకుకీ మధ్య ఉండే పిన్నులు అరుగుతాయి. వందకి పైగా లింకులు. ఒక్కోచోట వెంట్రుకవాసి అరిగినా మొత్తం మీద చైను పొడుగవుతుంది. ఇసుక, నీళ్ళు తోడైతే ఆ అరుగుదల మరీ తొందరగా వస్తుంది.

సరే, డబుల్ స్టాండ్ వెయ్యండి. ఇంజను ఆపి, న్యూట్రల్ చేసి, తాళం చెవి జేబులో పెట్టుకోండి. ఇంజను ఆన్‌లో పెట్టి చైను తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ఇంజను తిరుగుతుంటే చెయ్యి దగ్గరికి పోనివ్వద్దు. కవర్‌కి ఉన్న రబ్బరు బిరడా తీసి, చైనుని వేలితో పైకీ కిందికీ ఆడించండి. మన వంద సీసీ బళ్ళకి సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి లెక్క దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చక్రం చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడిదే లెక్క. బిగుతుగా ఉంటే మంచిదేగా అనుకోకండి. ఇద్దరెక్కి గుంటలో పడితే చైను ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా బేరింగుల మీద పడుతుంది.

వదులుంటే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి, కానీ పక్కనే నిలబడండి. చైను బిగించడానికి చక్రాన్ని వెనక్కి జరిపాక, దానికి రెండు వైపులా గీతలు సమానంగా వచ్చాయా? డ్రమ్ము బ్రేకైతే, చక్రం వెనక్కి జరిగింది కాబట్టి బ్రేకు మళ్ళీ సరిచేశాడా? చైన్ లాక్ క్లిప్పు చూశారా? దాని మూసుకున్న కొస చైను పరిగెత్తే వైపుండాలి, నోరు వెనక్కి. తిరగేసి పెడితే ఏదైనా తగిలి ఊడొచ్చు. చైను తిరిగే స్ప్రాకెట్ల పళ్ళు వంకర తిరిగి మొనదేలితే చైనొక్కటే మార్చకండి, చైన్ సెట్ మొత్తం వేయించండి. అరిగిన పళ్ళు కొత్త చైనుని కూడా తినేస్తాయి.

షెడ్డుల్లో తీసేసిన పాత ఇంజనాయిలు చైనుకి పోసేస్తుంటారు. నేనొప్పుకోను. అందులో ఇంజను అరిగిన పొడి ఉంటుంది. గ్రీజు పూస్తే లింకుల లోపలికి దిగదు, పైన ఇసుకని పట్టి కూర్చుంటుంది. పొడిగుడ్డతో తుడిచి, 90 నంబరు గేరాయిలు చుక్కచుక్కగా లోపలివైపు వేస్తూ చక్రం తిప్పండి. కాసేపాగి మిగిలింది తుడిచెయ్యండి. బండి కడిగిన ప్రతిసారీ, వానలో తడిసిన ప్రతిసారీ ఇది చెయ్యాలి.

పనిలో పనిగా శారీ గార్డు బోల్టులు కూడా బిగించండి. ఇంట్లో ఆడవాళ్ళు వెనక కూర్చుంటారు, చీరకొంగుకీ చక్రానికీ మధ్య ఉన్నది అదొక్కటే.

ఇక దండ వెయ్యండి. తీగ చక్రానికి తగలకుండా కాస్త పైకి కట్టండి.