అమ్మ గదికి ఫాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దవాళ్ళు, ఫాను కొని చూడమని మాత్రం అనలేదు. తాటాకు విసనకర్రలో ఎంచడానికి ఏముంది గనక! ఇవాళ కొట్టుకి వెళ్తే కప్పు నిండా వేలాడే ఫాన్లు, ఒక్కొక్కదానికీ ఒక్కో జాతకం. పాతికేళ్ళకు పైగా బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చదువుతున్నవాణ్ణి, ఈ జాతకాలూ చదివి చూద్దామనుకున్నాను.

మాది బరంపురం. సముద్రం గోపాలపూర్‌లో ఉన్నా, దాని ఉక్క మాత్రం మా ఇళ్ళలోనే ఉంటుంది. ఒక మాట చాలామంది మరచిపోతారు. ఫాను గదిని చల్లబరచదు. గాలిని కదిలించి ఒంటిమీది చెమట ఆరేలా చేస్తుంది, అంతే. మనిషి లేని గదిలో తిరిగే ఫాను కరెంటు బిల్లు పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు. కాబట్టి ఫాను కొనేటప్పుడు గది కొలతలతోపాటు అందులో ఉండే మనిషినీ చూసుకోవాలి.

ముందు కొలతలు. పదీ పన్నెండడుగుల గదికి 1200 మిల్లీమీటర్ల ఫాను, అంటే మనం 48 అంగుళాలదనేది, సరిపోతుంది. రెక్కలు నేలకు కనీసం ఏడడుగుల ఎత్తున ఉండాలి. అలాగని కప్పుకి మరీ దగ్గరగా బిగిస్తే పైనుంచి గాలి అందదు. మా పాత ఇళ్ళ కప్పులు బాగా ఎత్తు కనుక పొడుగు కడ్డీ అడిగి తీసుకోవాలి. అట్టపెట్టె మీద రెండు అంకెలు చూడాలి: నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుంది, అందుకు ఎన్ని వాట్లు తింటుంది. 2023 జనవరి 1 నుంచి ఫాన్లకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేశారు కనుక పోల్చుకోవడం కొంత తేలికైంది.

ఇక కామర్సు చదివినవాడి లెక్క. మామూలు ఫాను సుమారు 75 వాట్లు, ఇప్పుడొస్తున్న బి.ఎల్.డి.సి. ఫాను సుమారు 30 వాట్లు. తేడా 45. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు వేస్తే 162 యూనిట్లు. యూనిటు అయిదు రూపాయల చొప్పున 810 రూపాయలు. కొనేటప్పుడు వెయ్యి, పన్నెండు వందలు ఎక్కువ పెట్టినా ఏడాదిన్నరలో తిరిగొస్తుంది. ఇంత చక్కగా బాకీ తీర్చే ఖాతాదారు మా బ్యాంకులో కూడా అరుదు! కాకపోతే దాని లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే కంపెనీ మనిషి రావాలి. పాత రకం ఫాను నెమ్మదిస్తే చాలాసార్లు కండెన్సరు మారిస్తే చాలు, వీధి చివరి మెకానిక్కే చేసిపెడతాడు.

బెంగుళూరులో ఉన్న మావాడు ఫోను చేసి, “నాన్నా, మూడు గదులకీ రిమోటువే కొనెయ్. నానమ్మ లేవనక్కర్లేకుండా పడుకునే వేసుకుంటుంది,” అన్నాడు. ప్రేమతో అన్న మాటే. కానీ కొట్లో ఆ రిమోటు చేతిలోకి తీసుకున్నాక నాకు మా అమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. చూపు మందగించింది. దాని మీద ఉన్నవి సన్నటి బొత్తాలు, ఇంగ్లీషు అక్షరాలు. లోపలి కాగితం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. ఒడియా లేదు, తెలుగు సంగతి సరేసరి. కొట్టతను ఒడియావాడైనా తెలుగు చక్కగా మాట్లాడతాడు, మా ఊళ్ళో వ్యాపారానికి రెండు భాషలూ కావాలి. ఆ అట్టపెట్టెకి మాత్రం మేమున్నామనే తెలియదు.

ఇంటికొచ్చి అమ్మతో చెబితే, “అదేటిరా బాబూ, అది పక్కలో ఎక్కడో పడిపోతే రాత్రి ఎవర్ని లేపను? గోడకి తిప్పేది ఉంటే చాలు,” అంది. ఆవిడ మంచం పక్కన గోడమీద రెగ్యులేటరు ఉంది. చీకట్లో చెయ్యి చాపి, టిక్కు టిక్కుమన్న చప్పుడు లెక్కపెట్టుకుని మూడు దగ్గర ఆపుతుంది. తెల్లవారుజామున చలి వేస్తే ఒకటికి తగ్గిస్తుంది. దానికి లిపి అక్కర్లేదు, భాష అక్కర్లేదు, కోడలు లేచి రానక్కర్లేదు. ఒకరిని అడగకుండా ఆవిడ చేసుకోగలిగే పనులు ఏటికేడాదీ తగ్గిపోతున్నాయి. అందులో ఇదొకటి. దాన్ని 810 రూపాయలకి అమ్మేయమని ఏ లెక్క చెబుతుంది?

అలాగని పాత రకమే కొందామంటే, 2013 అక్టోబరు 12 రాత్రి గుర్తుకొస్తుంది. ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. ఇన్వర్టరు లేని ఆ రాత్రుళ్ళు పిల్లలకి అమ్మే తాటాకు విసనకర్రతో విసిరింది. పక్కింటి ఒడియా ఆవిడ తన బించణా పట్టుకొచ్చి తోడు కూర్చునేది. ఇప్పుడు విసిరే శక్తి అమ్మకి లేదు. ఇన్వర్టరు ఉంది. అదే బ్యాటరీ మీద 30 వాట్ల ఫాను 75 వాట్ల దానికంటే సుమారు రెండింతలు సేపు తిరుగుతుంది. తుపాను రాత్రి ఆ గంటలే ముఖ్యం.

నాలుగు కొట్లు తిరిగితే దారి దొరికింది. గోడ రెగ్యులేటరుతోనే పనిచేసేలా తయారుచేసిన బి.ఎల్.డి.సి. ఫాన్లూ ఉన్నాయి. అన్నీ అలా పనిచేయవు, రెగ్యులేటరు పెట్టవచ్చునని పెట్టె మీద రాసి ఉన్నదే తీసుకోవాలి. అమ్మ గదికి అది, మిగతా రెండు గదులకీ రిమోటువి తెచ్చాం. మావాడూ సంతోషించాడు.

బ్యాంకులో ఖాతా తెరిచే కాగితంలో ఖాతా ఎవరి పేరున అన్నది ఒక గడి, దాన్ని నడిపేదెవరన్నది మరో గడి. రెండోది నింపకుండా మేం ముందుకి కదలం. పెద్దవాళ్ళున్న ఇంటికి ఫాను కొన్నా, పొయ్యి కొన్నా, తలుపు గడియ కొన్నా ఆ రెండో గడి ముందు నింపండి. డబ్బు కట్టేది మనమే కావచ్చు, రాత్రి రెండింటికి చెయ్యి చాపేది వాళ్ళు.